పైకప్పు మీది గురుపరంపర
(లేపాక్షి చిత్రాల మీద వచ్చిన ఒక కొత్త పుస్తకానికి ముందుమాట)

లేపాక్షి పేరు వినని తెలుగువాళ్లు అరుదు. లేపాక్షి బొమ్మలు నిజంగా చూసినవాళ్లు ఇంకా అరుదు. వెళ్లినవాళ్లంతా వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి అవతలికి లాగుతారు. పడగలు విప్పిన నాగలింగం ముందు చేతులు జోడిస్తారు. ఏకశిలా నంది దగ్గర ఫొటో దిగుతారు. గోడ మీద రెండు ఎర్రటి మచ్చలు చూపించి గైడు చెప్పే విరూపణ్ణ కళ్ల కథ విని అయ్యో అనుకుంటారు. నాట్యమంటపం నడుమ నిలబడి తల పైకెత్తేవాళ్లు కొద్దిమందే. ఎత్తినవాళ్లు కూడా మసకబారిన రంగులు చూసి, ఏవో పాత బొమ్మలనుకుని కదిలిపోతారు. మన హైదరాబాదులో అయితే లేపాక్షి అంటే చాలాకాలం పాటు గన్‌ఫౌండ్రీలోని హస్తకళల దుకాణమే. విజయనగర కాలపు చిత్రకళ ఇంత నిండుగా మిగిలిన చోటు మరొకటి లేదని నమ్మేవాణ్ణి నేను. అందుకే ఈ పుస్తకం చేతికి వచ్చినప్పుడు పండగ వచ్చినట్టయింది.

దీన్ని రాసిన అమ్మాయి మూసాపేటలో మా వీధి పిల్ల. బడిలో డ్రాయింగు మాస్టారుగా పని చేసి విశ్రాంతి తీసుకున్నాక నేను కాలనీ హాలులో ఆదివారాలు పిల్లలకు బొమ్మలు నేర్పేవాణ్ణి. మిగతా పిల్లలు ఏనుగునీ కొండనీ గీసి పరుగెత్తేవాళ్లు. ఈ పిల్ల మాత్రం గీసిన గీతనే మళ్లీ మళ్లీ గీస్తూ కూర్చునేది. ఇప్పుడు హైటెక్ సిటీలో ఫోన్ తెరల మీద ఏది ఎక్కడ ఉండాలో రూపం కట్టే ఉద్యోగం చేస్తోంది. శుక్రవారం సాయంత్రం మూసాపేటలో ఆగే బెంగళూరు బస్సు ఎక్కడం, తెల్లవారుజామున కొడికొండ దగ్గర దిగడం, అక్కడి నుంచి ఆటోలో లేపాక్షి చేరడం, ఆదివారం రాత్రికి తిరుగు ప్రయాణం. ఇలా ఎన్ని వారాంతాలు గడిపిందో ఇంట్లోవాళ్లకే తెలియాలి. ఒక రోజు కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టి, "మాస్టారూ, ముందుమాట మీరే రాయాలి. తప్పులుంటే నిర్మొహమాటంగా చెప్పాలి" అంది. మెచ్చుకోవలసినవి చాలా ఉన్నాయి. ఒప్పుకోలేనివి ఒకటి రెండు ఉన్నాయి. రెండూ ఇక్కడే చెబుతాను.

ముందు కాలం సంగతి. అచ్యుతదేవరాయలు విజయనగరాన్ని ఏలింది 1529 నుంచి 1542 వరకు. పెనుకొండ సీమలో అధికారం నెరపిన విరూపణ్ణ, అతని సోదరుడు వీరణ్ణ ఆ రోజుల్లోనే కూర్మశైలం అనే ఎత్తు తక్కువ రాతిగుట్ట మీద వీరభద్రస్వామి ఆలయాన్ని విస్తరించి, మంటపాల కప్పులకు బొమ్మలు వేయించారు. ఆలయ శాసనాలు 1530 దశకానివి. సరిగ్గా అదే దశకంలో, 1536లో, రోములోని సిస్టీన్ ప్రార్థనాలయం గోడ మీద మైకెలాంజెలో అంతిమ తీర్పు చిత్రం మొదలుపెట్టాడు. 1541లో ముగించాడు. అదే ప్రార్థనాలయం పైకప్పు బొమ్మలు అంతకుముందే, 1508 నుంచి 1512 వరకు వేశాడు. అంటే ఒకే తరం మనుషులు ఇటు కూర్మశైలం మీద, అటు టైబర్ నది ఒడ్డున, సున్నపు పూత మీద దేవుడి కథలు రాస్తున్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలిసే అవకాశం లేదు.

మన గుడి గురించిన పుస్తకాన్ని ఇటలీతో మొదలుపెట్టడం దేనికని కొందరు అడగవచ్చు. రచయిత్రి దగ్గర దానికి బలమైన కారణం ఉంది. మైకెలాంజెలో ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నాడో ప్రపంచానికి తెలుసు. కుర్రవాడుగా ఫ్లారెన్సు నగరంలో బ్రాంకాచ్చీ ప్రార్థనాలయానికి వెళ్లి, తనకంటే ముందు తరాలవాడైన మసాచ్చో బొమ్మలను చూసి గీసుకున్నాడు. 1506లో రోములో ఒక ద్రాక్షతోటలో తవ్వుతుంటే లావొకూన్ అనే ప్రాచీన శిల్పం బయటపడింది. దాన్ని చూడడానికి వెళ్లినవాళ్లలో అతనూ ఉన్నాడు. పాములు చుట్టుకుని మెలి తిరిగిన ఆ దేహాల బిగువు తర్వాత అతను వేసిన మనుషుల్లో కనిపిస్తుంది. ఒర్వియేతో పట్టణపు పెద్ద చర్చిలో సిన్యొరెల్లి వేసిన ప్రళయకాల చిత్రాల ప్రభావం అంతిమ తీర్పు మీద ఉందని అతని కాలంలోనే చెప్పుకున్నారు. ఈ సంగతుల్లో చాలావాటిని జార్జో వసారీ అనే చిత్రకారుడు 1550లో కళాకారుల జీవితాల గ్రంథంగా అచ్చు వేయించాడు. ఇంతమంది దగ్గర ఇంత తీసుకున్నాడని రాయడం వల్ల మైకెలాంజెలో గొప్పతనం రవ్వంత కూడా తగ్గలేదు. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఏది వచ్చిందో తెలిసినకొద్దీ బొమ్మ మరింత విప్పుకుంటుంది.

మన దగ్గర వసారీ లేడు. విరూపణ్ణ పేరు శాసనంలో ఉంది, అతని రూపం కప్పు మీద ఉంది. బొమ్మ వేసినవాడి పేరు మాత్రం లేదు. "అజ్ఞాత చిత్రకారులు" అని ఒక దండం పెట్టి ముందుకు సాగడం మన పుస్తకాలకు అలవాటైపోయింది. ఈ అమ్మాయి అక్కడ ఆగలేదు. పేరు పోతే పోయింది, గురువులు ఎక్కడికి పోతారని అడిగింది. చేయి తిరిగిన ప్రతి చిత్రకారుడి గీతలోనూ అతనికి నేర్పినవాళ్లు ఉంటారు. లేపాక్షి చిత్రకారుడు ఏమేం చూసి పెరిగాడో, ఏ గుడ్డ, ఏ ఆట, ఏ శిల్పం, ఏ కొలువు అతని కంటికి తర్ఫీదు ఇచ్చాయో ఆ కప్పు మీదే వెతికింది. ఈ పుస్తకానికి ప్రాణం ఆ వెతుకులాటే.

అన్నిటికంటే బలమైన అధ్యాయం బట్ట గురించినది. లేపాక్షి మంటపంలో దూలానికీ దూలానికీ మధ్య రాతిపలకలు పొడవుగా పరుచుకుని ఉంటాయి. కథ ఆ పలకల వెంట పట్టీలు పట్టీలుగా సాగుతుంది. పట్టీకి అంచు ఉంటుంది. అంచులో లతలు, హంసలు, పూలు. మనుషులు ఒకే నేలగీత మీద వరసగా నిలబడతారు. వెనక చెట్లూ కొండలూ దూరంగా చిన్నవై పోవడం ఉండదు. వెనకంతా కావిమట్టి ఎరుపు పరుచుకుని ఉంటుంది. పైకప్పును బొమ్మతో ఎలా నింపాలన్న ఈ సమస్యే ఇటలీ చిత్రకారుడికి ఎదురైనప్పుడు ఏం చేశాడో చూడండి. మాంతువా నగరంలో మాంతెన్యా 1474లో ముగించిన ఒక గది పైకప్పులో గుండ్రటి కన్నం ఉన్నట్టూ, దాని అంచు మీద నుంచి మనుషులూ రెక్కల పిల్లలూ కిందికి తొంగి చూస్తున్నట్టూ భ్రమ కల్పించాడు. మన చిత్రకారుడు కప్పును ఆకాశంగా మార్చాలని అనుకోలేదు. ఉత్సవంలో స్వామి తల మీద కట్టే మేలుకట్టు అతనికి తెలుసు. కథలు రాసిన బట్టను గుడిలో పరచడం, వేలాడదీయడం అతనికి తెలుసు. రాతి కప్పుకు మేలుకట్టు కట్టాడు. అందుకే ఆ పట్టీలు చూస్తుంటే చుట్ట విప్పి పరిచిన కలంకారీ వస్త్రంలా ఉంటాయి.

చీరల సంగతి మరీ చూడదగ్గది. పార్వతిని పెళ్లికూతురిని చేస్తున్న చెలికత్తెల పట్టీ ఒకటుంది. ఆ ఆడవాళ్లు కట్టుకున్న చీరల్లో చారలు, గళ్లు, చుక్కలు, వలయాల్లో పూలు, ఒక అంచు సన్నం, ఒక అంచు వెడల్పు. కుచ్చిళ్లు కత్తిరించినట్టు మొనదేలి పక్కకు లేస్తాయి. కొప్పులు ఒక్కోటి ఒక్కో తీరు. నేత తెలిసినవాడు చూసి, దీన్ని మగ్గం మీద నేశారు, దీన్ని అద్దారు, దీన్ని కలంతో రాశారు అని వేరు చేయగలిగినంత ఓపికగా రాశాడు. 2019లో జార్జ్ మిషెల్, అన్నా దల్లాపిక్కోలా, బ్రిగిట్టె ఖాన్ మజ్లిస్ కలిసి లేపాక్షి మీద ఒక పెద్ద గ్రంథం తెచ్చారు. అందులో వస్త్రాల భాగం చూసిన మజ్లిస్ బట్టల చరిత్ర తెలిసిన పండితురాలు. రచయిత్రి ఆ పనికి తన ఋణం దాచుకోలేదు. దాని మీద తను చేర్చింది రేఖాచిత్రాలు. టాబ్లెట్ మీద ఒక పొరలో ఫొటో పెట్టి, పై పొరలో ఆ పాత గీతనే అనుసరిస్తూ తీసిన బొమ్మలు. మసి, చెమ్మ, రాలిన పూత పక్కకు తొలగి చీర అంచు ఒక్కటే తేటగా కనిపిస్తుంది. ఏళ్ల తరబడి చూసినా నాకు కనిపించని పూలపోగులు ఆమె గీతలో కనిపించాయి.

తోలుబొమ్మల అధ్యాయం దగ్గర నాకూ ఆమెకూ అభిప్రాయభేదం ఉంది. లేపాక్షి ఉన్న శ్రీ సత్యసాయి జిల్లాలోనే ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మలు చేసే కుటుంబాల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలో ముఖం పక్కకు తిరిగి ఉన్నా కన్ను పెద్దదై నిండుగా ఉంటుంది. నల్లటి గీత బొమ్మను చుట్టి బిగించి ఉంటుంది. నగల చోట చిల్లులు పొడిచి వెలుతురు రప్పిస్తారు. లేపాక్షి ముఖాల్లో అదే పక్కచూపు, అదే నిండు కన్ను, అదే నల్లగీత, నగల చోట తెల్లటి చుక్కల వరసలు. ఇంత పోలిక చూశాక చిత్రకారుడు తోలుబొమ్మలాట చూసి నేర్చుకున్నాడని రచయిత్రి తేల్చింది. పోలిక నిజం. కానీ మనకు మిగిలిన తోలుబొమ్మలు ఆ కప్పు కంటే బాగా తర్వాతివి. తోలు అంతకాలం నిలవదు. కాబట్టి ఆట నుంచి కప్పుకు వెళ్లిందా, కప్పు నుంచి ఆటకు వచ్చిందా, రెండూ కథ చెప్పే పాత బట్టచుట్టల నుంచి పుట్టాయా అన్నది తేల్చి చెప్పగల సాక్ష్యం లేదు. నాకు మూడోదే నమ్మదగినదిగా తోస్తుంది. తెలంగాణ చేర్యాల నకాశీ పటాలు చూడండి. అక్కడా ఎర్రటి వెనక భాగమే, పట్టీల్లో నడిచే కథే. ఊరూరా తిరిగి కథ చెప్పేవాడికి పటం గీసి ఇచ్చే చేతులు రాయలసీమ నుంచి తెలంగాణ దాకా ఒకే అలవాటుతో పనిచేశాయని అనుకోవడానికి ఇది గట్టి ఆధారం. రచయిత్రి వచ్చే కూర్పులో చేర్యాలకు రెండు పేజీలైనా ఇవ్వాలి.

గుడి లోపలి పాఠాలు వేరు. హంపి విరూపాక్ష ఆలయ మంటపం కప్పు మీదా బొమ్మలున్నాయి. కంచి దగ్గర తిరుపరుత్తిక్కున్రం జైన ఆలయంలో విజయనగర కాలపు చిత్రాలున్నాయి. మన సోమపాలెం చెన్నరాయస్వామి గుడిలో ఉన్నాయి. అంతకంటే వెనక్కి వెళితే సూర్యాపేట దగ్గర పిల్లలమర్రిలో కాకతీయుల నాటి చిత్రాల శిథిలాలున్నాయి. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూపడం ఈ పుస్తకంలో మరో మంచి పని. పిల్లలమర్రి నుంచి లేపాక్షి దాకా మూడు శతాబ్దాలు. ఆ మూడు శతాబ్దాల్లో గీత గట్టిపడింది, దేహాల గుండ్రదనం తగ్గింది, నీడ వేసి లోతు చూపించే పాత పద్ధతి పోయింది. కొందరు పండితులు దీన్ని క్షీణత అన్నారు. అజంతాను కొలబద్దగా పెట్టుకుంటే అలాగే తోస్తుంది. నేను ఒప్పుకోను. లేపాక్షి చిత్రకారుడికి కావలసింది లోతు కాదు, వేగం. కిరాతార్జునీయం పట్టీలో పంది మీదికి దూకుతున్న తీరు చూసినవాడెవడూ ఆ చేతికి శక్తి తగ్గిందనలేడు. శివుడి బాణం, అర్జునుడి బాణం ఒకే పందిని కొట్టిన ఘట్టం అది. ఆ గొడవ అంతా ఒక్క నల్లగీత ఊపులో ఉంది.

రంగులు కొద్ది. కావి ఎరుపు, పసుపు మట్టి, మసి నలుపు, సున్నపు తెలుపు, ఆకుపచ్చ. నీలం బహు తక్కువ. రోములో మైకెలాంజెలో అంతిమ తీర్పు వెనకంతా నీలం నింపాడు. ఆఫ్ఘనిస్థాన్ గనుల రాయిని నూరితే వచ్చే ఖరీదైన నీలం అది. పోప్ ఖజానా ఉంటే తప్ప అంత నీలం దొరకదు. లేపాక్షిలో కాళ్ల కింది నేలే రంగుల పెట్టె. అనంతపురం ఎర్రనేల మీద పుట్టి పెరిగినవాళ్లకు ఆ కప్పు ఎరుపు కొత్తగా అనిపించదు.

కొలువు ప్రభావం గురించి రాసిన భాగం చిన్నదే కానీ ధైర్యమైనది. విరూపణ్ణ, వీరణ్ణ, వాళ్ల వెంట ఉన్న పెద్దలు తల మీద పొడవాటి కుళ్లాయిలు పెట్టుకుని కనిపిస్తారు. చెవులకు బరువైన పోగులు, మెడలో హారాలు, భుజాన సన్నటి ఉత్తరీయం. ఆ కుళ్లాయి విజయనగర దర్బారుకు పడమటి ముస్లిం దర్బారుల నుంచి వచ్చిన వేషం. విజయనగర రాజులు తమను తాము హిందూరాయ సురత్రాణులని బిరుదుగా చెప్పుకున్నారు. సుల్తానుల దర్బారు మర్యాదను వాళ్లు అవమానంగా కాక హోదాగా తీసుకున్నారని ఫిలిప్ వాగొనర్ 1996లో రాసిన వ్యాసం చరిత్ర చదివేవాళ్లందరికీ తెలుసు. శివుడి ముందు భక్తితో నిలబడిన శైవుడి తల మీద ఆ టోపీ ఉండడం చిత్రకారుడికి ఏమాత్రం ఎబ్బెట్టుగా తోచలేదు. ఆ కాలపు చిత్రకారులకు కొత్త మనుషులను చూసి బొమ్మ కట్టే అలవాటు ఉంది. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, రాజప్రాసాదంలో తమ పోర్చుగీసువాళ్ల జీవన విధానాన్ని కూడా బొమ్మలుగా రాసి ఉండడం చూశానని రాసుకున్నాడు. రాణివాసం వాళ్లు ఏ దేశంలో మనుషులు ఎలా బతుకుతారో తెలుసుకోవడానికట. ఆ గది పోయింది. లేపాక్షి కప్పు మిగిలింది.

దాతను బొమ్మలో పెట్టడం రెండు చోట్లా ఉన్న ఆచారమే. పదువా నగరంలో 1305 ప్రాంతంలో జొట్టో రంగులద్దిన ప్రార్థనాలయాన్ని కట్టించిన స్క్రొవెన్యీ వడ్డీవ్యాపారి కొడుకు. అంతిమ తీర్పు చిత్రంలో అతను మోకాళ్ల మీద కూర్చుని ఆ ప్రార్థనాలయం నమూనాను దేవతలకు సమర్పిస్తుంటాడు. తండ్రి పాపం కడగడానికి కట్టించాడని లోకం చెప్పుకుంది. మన విరూపణ్ణ మీద రాజధనం వాడాడన్న నింద, తన కళ్లు తానే పీకి గోడకు విసిరాడన్న కథ జనం నోట నిలిచాయి. శాసనాల్లో ఆ కథ లేదు. ఇంత పని చేయించినవాడిని మనం తప్పు చేసినవాడిగా మాత్రమే గుర్తుంచుకుంటే అది అతనికి చేసే అన్యాయం. రచయిత్రి ఆ కథను ఒక్క పేరాలో ముగించి కప్పు మీదికి వెళ్లిపోయింది. మంచి పని చేసింది.

ద్రౌపదీ స్వయంవరం ఘట్టం దగ్గర మాత్రం నేను చాలాసేపు ఆగిపోయాను. అర్జునుడు కింద నీళ్లలో నీడ చూస్తూ పైన తిరిగే మత్స్యయంత్రాన్ని కొట్టాలి. విల్లు పైకి, చూపు కిందికి. ఈ ఘట్టం ఉన్నది మన తలపైన. కింద నిలబడి మనం పైకి చూస్తుంటాం, పైనున్న అర్జునుడు కిందికి చూస్తుంటాడు. చేపకూ విలుకాడికీ నీళ్లకూ మధ్య చూపు తిరిగే దారిలో చూసేవాడు కూడా చేరిపోతాడు. గోడ మీద ఇదే బొమ్మ వేసి ఉంటే ఈ అనుభవం ఉండేది కాదు. చిత్రకారుడు దీన్ని తెలిసే చేశాడా అని రచయిత్రి ప్రశ్న వేసి వదిలేసింది. తెలిసే చేశాడని నా నమ్మకం. దుర్యోధనాదుల ముఖాల్లో కనిపించే ఉత్కంఠ చూడండి. చూపు గురించి ఇంత ఆలోచించినవాడు తన బొమ్మను ఎక్కడ నుంచి చూస్తారో ఆలోచించకుండా ఉండడు.

అర్ధమంటపం కప్పు మీది వీరభద్రుడి సంగతి వేరు. దాదాపు 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు. ఒకే మూర్తి, కప్పంతా ఆయనే. పట్టీల్లో నడిచే కథల నుంచి గర్భాలయం వైపు కదిలే భక్తుడికి అక్కడ కథ ఆగిపోతుంది. చిన్న మనుషుల వరసలు పోయి ఒక్కసారిగా స్వామి తల మీద నిలుస్తాడు. ఆ కొలతకు గుడ్డలో, తోలులో, పటంలో మాదిరి దొరకదు. ఆలయ శిల్పంలో దొరుకుతుంది. స్తంభాల మీద, ద్వారాల పక్క మూర్తులను పెద్దవి చేసి చెక్కే స్థపతి దగ్గర చిత్రకారుడు ఈ పాఠం నేర్చుకున్నాడని రచయిత్రి రాసింది. ఇది ఆమె సొంత ఊహ. పుస్తకం మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఊహ ఇదే. లేపాక్షిలో శిల్పి, చిత్రకారుడు ఒకే మంటపంలో, ఒకే రోజుల్లో, ఒకరి పని ఒకరు చూస్తూ పనిచేసి ఉండాలి. నాట్యమంటపం స్తంభాల మీద తుంబురుడు, రంభ నాట్యభంగిమలు, వాటి పైన కప్పులో చెలికత్తెల నడుము వంపు పక్కపక్కన ఫొటోలు వేసి చూపింది. ఒప్పుకోక తప్పదు.

లేపాక్షి తర్వాత ఏమైంది? 1565లో తళ్లికోట యుద్ధం, రాజధాని పెనుకొండకు మారడం, ఆపైన చంద్రగిరికి. చిత్రకారులు పని వెతుక్కుంటూ దక్షిణానికి, నాయక రాజుల కొలువులకు వెళ్లారు. తంజావూరు, మదురై ప్రాంతాల గుళ్లలో ఆ చేతివాటం కనిపిస్తుంది. ఇంటి దగ్గర అది బట్టలో బతికింది. లేపాక్షి లతామంటపం స్తంభాల మీది అల్లికలు ఇప్పటికీ చీర అంచుల్లోకి వస్తున్నాయి. ధర్మవరం నేతగాళ్లను అడిగితే వాళ్లే చెబుతారు. శ్రీకాళహస్తి కలంకారీ 1950 దశకంలో కమలాదేవి చట్టోపాధ్యాయ పూనికతో మళ్లీ ఊపిరి పోసుకుంది. బట్ట నుంచి కప్పుకు వెళ్లిన బొమ్మ కప్పు నుంచి మళ్లీ బట్టకు వచ్చింది. ఈ అధ్యాయం పుస్తకంలో పలచగా ఉంది. పూర్తి పుస్తకానికి సరిపోయే సరుకు ఇక్కడ ఉంది. రచయిత్రి వయసు చిన్నది. ఆ పుస్తకం కూడా ఆమే రాయాలని నా కోరిక.

బొమ్మల పరిస్థితి గురించి నాకు దిగులుంది. కప్పు నుంచి చెమ్మ దిగిన చోట్ల పూత పొరలుగా లేచింది. శతాబ్దాల దీపాల పొగ కొన్ని ముఖాలను మింగేసింది. ఆలయం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 2022లో యునెస్కో వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చోటు దొరికింది. ఆ జాబితాలో చేరిన తర్వాత జనం పెరుగుతారు, పెరగాలి. జనంతో పాటు కప్పు మీది ప్రతి గీతనూ జాగ్రత్తగా నమోదు చేసే పని కూడా పెరగాలి. ఒక ఉద్యోగి అమ్మాయి సెలవు రోజుల్లో, సొంత ఖర్చుతో చేసిన పని ఇంత ఉంటే, విశ్వవిద్యాలయాల చిత్రకళా విభాగాలు పూనుకుంటే ఎంత అవుతుంది? రాలిపోయిన గీతను ఏ శాఖా తిరిగి గీయలేదు. ఉన్నప్పుడే ఎత్తి రాసుకోవాలి.

చివరగా పాఠకులకు నా మాట. సైబరాబాద్ మొత్తం శుక్రవారం రాత్రి బెంగళూరు దారి పడుతుంది. 44వ నెంబరు జాతీయ రహదారి మీద కొడికొండ దగ్గర పక్కకు తిరిగితే లేపాక్షి ఎంతో దూరం లేదు. పొద్దున్నే వెళ్లండి, వెలుతురు పక్క నుంచి పడేటప్పుడు కప్పు బాగా కనిపిస్తుంది. కెమెరా ఫ్లాష్ వెలిగించకండి. చేతి అద్దం ఒకటి తీసుకెళ్లండి, అందులో చూస్తే మెడ నొప్పి లేకుండా ఒక్కో పట్టీ చివరి దాకా చదవవచ్చు. స్తంభం దగ్గరికి తర్వాత వెళ్లవచ్చు, ముందు నాట్యమంటపంలో ఒక గంట కూర్చోండి. నాలాంటి డ్రాయింగు మాస్టార్లకు మరొక విన్నపం. ఈ పుస్తకం చివర ఉన్న రేఖాచిత్రాలను పిల్లల చేత గీయించండి. వాటిని బడుల్లో ఉచితంగా వాడుకోవచ్చని రచయిత్రి లోపలి పేజీలోనే రాసి ఇచ్చింది.

మూసాపేట, హైదరాబాదు